వాగు ఒడ్డు పట్టీ: మొక్కలు తెచ్చేముందు చూసుకోవాల్సినవి

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆకేరులో కలిసే ఆ వాగు మీ మూడెకరాల వెంబడి 120 మీటర్లు పారుతుందనీ, చేను మట్టీ ఎరువూ అందులోకి పోకుండా, ఒడ్డు కోసుకుపోకుండా దాని ఒడ్డున పట్టీగా చెట్లు పెట్టాలనుకుంటున్నావనీ రాశావు. ఏ మొక్కలు ఎన్ని తెచ్చుకోవాలని అడిగావు. ఆ లెక్క చెబుతాను గానీ అది తర్వాతి మాట. మీ చేను నీళ్లు వాగులోకి ఎక్కడెక్కడ దిగుతున్నాయో ముందు తేల్చుకోవాలి. ఒడ్డు పొడవునా చెట్లు పెంచినా, పత్తి సాళ్ల నీళ్లన్నీ ఒక్క గండిలోంచి వాగులో పడుతుంటే ఆ నీళ్లు చెట్ల మొహం కూడా చూడవు.

ఇప్పుడు వానల్లేవు కాబట్టి గుర్తులు పట్టి చూడాలి. ఒక పొద్దున ఒడ్డు వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడువు. సన్నని ఎర్ర బురద విసనకర్రలా పరుచుకుని ఎండిన చోటు, గడ్డి అంతా ఒకే దిక్కుకు పడుకున్న చోటు, గెట్టు తెగి మళ్లీ మట్టి వేసిన చోటు, ఒడ్డు మీద మూరెడు లోతు గాడి పడిన చోటు కనిపిస్తే అక్కడొక కట్టె పాతి ఎర్ర గుడ్డ కట్టు. మూడెకరాల్లో ఇవి నాలుగైదు కంటే ఎక్కువ ఉండవు. మోటారు దగ్గర ఫొటోలో పడ్డ గండి అందులో ఒకటి, అదే అన్నిటికన్నా పెద్దదనిపిస్తోంది. మొదటి పెద్ద వాన పడిన రోజు గొడుగు పట్టుకుని మళ్లీ వెళ్లి చూస్తే నీ గుర్తులు సరైనవో కావో తేలిపోతుంది.

పొలం నుంచి వాగులోకి పోయేది రెండు దారుల్లో పోతుంది. ఒకటి కళ్లకు కనబడేది, మట్టి. మీది ఎర్ర చెల్క. గట్టి వానకు పై మట్టి బురదగా లేచిపోతుంది. డీఏపీలోని భాస్వరం మట్టి రేణువును అంటిపెట్టుకునే ఉంటుంది కాబట్టి బురదతో పాటే పోతుంది. చాలా పురుగుమందులదీ అదే దారి. దీన్ని ఆపేది గడ్డి. నీటి వేగం తగ్గితే చాలు, బురద దానంతటదే కిందికి దిగుతుంది. రెండోది కనబడనిది. యూరియాలోని నత్రజని నీళ్లలో కరిగి నేల లోపలి నుంచి వాగుకు చేరుతుంది, దాన్ని పైనున్న గడ్డి ఆపలేదు. వాగు పక్కన ఎప్పుడూ చెమ్మగా, గాలి ఆడకుండా ఉండే నేలలో ఆకులూ వేళ్లూ కుళ్లుతుంటాయి చూడు, అక్కడి సూక్ష్మజీవులు ఆ నత్రజనిని వాయువుగా మార్చి గాల్లో కలిపేస్తాయి. కొంత చెట్ల వేళ్లు తీసుకుంటాయి. అందుకని పొలం వైపు గడ్డి, నీళ్ల వైపు చెట్టు ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా చెట్లు పెట్టి గడ్డిని గుంటుకతో చెక్కేస్తారు, శుభ్రంగా కనిపించాలని. అప్పుడు సగం పని పోయినట్టే.

ఈ గడ్డీ చెట్లూ కలిసిన పట్టీకి వెడల్పు 10 మీటర్లు పెట్టుకో. 120 మీటర్ల పొడవుకు లెక్కేస్తే 1200 చదరపు మీటర్లు, దగ్గరదగ్గర 12 గుంటలు, మూడెకరాల్లో పదో వంతు. నాయన ఒప్పుకోకపోతే 5 మీటర్లతో మొదలుపెట్టు, ఆరు గుంటలే పోతాయి. అంతకన్నా సన్నగా అయితే ఒడ్డు కోత కొంచెం ఆగుతుందేమో గానీ బురద ఆగేది తక్కువ. పట్టీ అంతా ఒకే వెడల్పు ఉండాలని లేదు. చదునుగా ఉన్న వరి మడి వెంట 6 మీటర్లు చాలు, వాలుగా ఉన్న పత్తి చెల్క కింద 12 ఇవ్వు, ఒర్రె, అంటే చిన్న నీటి పాయ, దిగే మూల 15 ఇచ్చినా ఎక్కువ కాదు. నాయనతో మాట్లాడేటప్పుడు ఆ పన్నెండు గుంటల్లో ఇప్పుడు ఏమొస్తుందో ముందు లెక్క తీయి. వరద వచ్చిన ఏడాది ఇసుక మేట, రాని ఏడాది చివరి నాలుగు సాళ్లలో ఊటకు పసుపెక్కిన పత్తి. ఆ సాళ్లకు పెట్టిన విత్తనం, ఎరువు, కూలి కూడా పక్కన రాసి చూపించు.

హద్దు సంగతి ఒక్క మాట. వాగు ప్రభుత్వ భూమి, మీ పట్టా దాని అంచు వరకే. వాగు ఏటా ఇటో అటో జరుగుతుంది కాబట్టి కంటితో చూసి హద్దు అనుకోకు. గ్రామ నక్ష, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) తీయించి, సర్వేయర్‌తో రాళ్లు చూపించుకున్నాకే కొలత మొదలుపెట్టు. పట్టీ పేరుతో వాగులోకి మట్టి నెట్టి కట్ట పోయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వాగు ఇరుకైతే ఆ నీళ్లు అవతలి ఒడ్డు రైతు మీద పడతాయి, పంచాయితీ అక్కడే మొదలవుతుంది.

ఇక పని. మొదటి పని ఖర్చు లేనిది: ఈ వానకాలం ఆ 10 మీటర్లు దున్నొద్దు. ఉన్న గరిక, తుంగ, రెల్లు వాటంతటవే అల్లుకుంటాయి. సగం పట్టీ అలాగే వస్తుంది. ట్రాక్టర్ డ్రైవర్‌కు చెప్పి ఊరుకుంటే లాభం లేదు, హద్దు మీద పది మీటర్లకో రాయి పాతి సున్నం పూయి. లేకపోతే మలుపు తిప్పుకోవడానికి కల్టివేటర్‌ను పట్టీలోకే దింపుతాడు.

పత్తి సాళ్లు ఇప్పుడు వాగు వైపుకు నిలువుగా ఉన్నట్టు ఫొటోలో కనిపిస్తోంది. అవి వాలుకు అడ్డంగా తిరగాలి. సాళ్లు నిలువుగా ఉన్నంతకాలం ప్రతి సాలూ ఒక చిన్న కాలువే, ఏ గడ్డీ దాన్ని ఆపలేదు. అడ్డంగా దున్నినా ఇంకో చిక్కుంది. పట్టీ పక్కన పడే చివరి సాలు. చేను నీళ్లన్నీ ఆ చివరి సాల్లోకి దిగి, గడ్డిని తాకకుండా పట్టీ పక్క నుంచే పరుగెత్తి, పల్లం దొరికిన చోట ఒక్కసారిగా వాగులో దూకుతాయి. ఎన్ని పట్టీలు పనికిరాకుండా పోయాయో అన్నిటికీ కారణం వెతికితే ఎక్కువసార్లు ఇదే. దున్నకం అయిపోయిన రోజే పార పట్టుకుని ఆ చివరి సాలును ఐదారు మీటర్లకో చోట మట్టి అడ్డుకట్టతో మూసేయి. గంట పని.

చేను, గడ్డి కలిసే గీత మీద వట్టివేరు వరుస పెట్టాలి. అది ఒకే మట్టం మీద నడవాలి, వంకర వచ్చినా ఫర్వాలేదు. మట్టం చూడటానికి మేస్త్రీలు వాడే పారదర్శకపు నీటి గొట్టం అడుగు. ఒక కొస నువ్వు, ఇంకో కొస మీ తమ్ముడు పట్టుకుని, గొట్టంలో నీళ్లు రెండు కర్రల మీదా ఒకే గీతకు వచ్చిన చోట మేకు దిగ్గొట్టండి. మూడు మీటర్లకో మేకు చొప్పున 120 మీటర్లకు నలభై మేకులు, ఒక్క పూటలో అయిపోతుంది. వట్టివేరు పిలకలను పైన జానెడు, కింద నాలుగు వేళ్ల వేరు ఉంచి కత్తిరించి, గుంతకు రెండు మూడు పిలకల చొప్పున, గుంతకూ గుంతకూ 15 సెంటీమీటర్ల దూరంలో నాటాలి. వరుసకు 800 గుంతలు, పిలకలు 2,400 దాకా కావాలి. అన్నీ ఒకేసారి కొనకు. గండ్ల ఎదుట పది మీటర్ల చొప్పున ముందు నాటి, బాయి దగ్గర ఒక మడిలో మిగతావి పెంచుకుంటే వచ్చే ఏడాదికి నీ దగ్గరే కావాల్సినన్ని ఉంటాయి. 15 సెంటీమీటర్లు ఎక్కువ దగ్గరనిపించి అడుగు దూరంలో నాటేవాళ్లున్నారు. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య సందు మిగిలి, నీళ్లు ఆ సందులోంచే దూసుకుపోయి కింద గుంత తవ్వుతాయి. ఒక్క మొక్క చచ్చినా వారంలో ఆ చోటు నింపాలి. రెండు వానకాలాలు గడిస్తే గోడ కట్టినట్టు కమ్ముకుంటుంది. ఇంకో మాట, వట్టివేరుకు నీడ పడదు. చెట్ల కింద పెడితే సన్నబడి చస్తుంది, అందుకే చేను వైపే.

వట్టివేరు వెనక నాలుగు మీటర్లు గడ్డి. ఖాళీలున్న చోట తొలకరికి స్టైలో అనే పశుగ్రాసపు గింజ చల్లు, నాలుగు మీటర్ల వెడల్పుకు మీకు అర కిలో సరిపోతుంది. గింజ పైపొర గట్టిది, అలాగే చల్లితే సగం మొలవదు. బాగా కాగి ఇంకా మరగని నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి చల్లాలి. గరిక చేన్లోకి పాకుతుందని నాయన అంటాడు, నిజమే. వట్టివేరు వరుస కొంత ఆపుతుంది, మిగతాది అంచు వెంట ఏటా ఒకసారి పారతో కోసుకోవాలి. ఈ గడ్డిని పశువులతో మేపకు, కోసి వెయ్యి. జానెడు మోడు ఉంచి కొయ్యి, నేలకు చెక్కినట్టు కోస్తే బురద పట్టేదేముంటుంది? కోసిన ప్రతిసారీ అది పట్టిన ఎరువు కూడా కట్టలో బయటికొస్తుంది, బర్రెకు మేత కూడా అవుతుంది.

ఇప్పుడు ఆ మోటారు దగ్గరి గండి. దీన్ని మూసేయాలని చూడకు, మూస్తే ఇంకో చోట తెగుతుంది. నీళ్లు దిగాలి గానీ పరుచుకుని దిగాలి. గండి నోటి కింద గజం పొడవు, గజం వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, అడుగున మూడు అంగుళాలు మొరం గులక వేసి, పైన పిడికిలంత రాళ్ల నుంచి కొబ్బరికాయంత రాళ్ల దాకా పేర్చు. గులక లేకుండా రాళ్లొక్కటే వేస్తే కింది మట్టి సందుల్లోంచి కొట్టుకుపోయి రెండో వానకే రాళ్లు కుంగుతాయి. నీళ్లు ఈ గుంతలో పడి, కోపం తగ్గి, కింది అంచు మీంచి పొర్లాలి. ఆ కింది అంచును రెండు పక్కలా చాచి మూడు మీటర్ల వెడల్పున సరిగ్గా ఒకే మట్టంలో పెట్టాలి. అదే నీటి గొట్టంతో చూసుకో. ఒక్క చోట రెండు వేళ్ల మందం తగ్గినా నీళ్లన్నీ అక్కడికే వచ్చి మళ్లీ గాడి తవ్వుతాయి. ఆ అంచు కింద వట్టివేరు అర్ధచంద్రంలా రెండు వరుసలు. అక్కడి నుంచి వాగు ఒడ్డు రెండు మీటర్ల ఎత్తు ఉందన్నావు కదా, పట్టీ దాటిన నీళ్లు ఆ ఎత్తు నుంచి దూకకుండా ఒడ్డును మెట్లుగా చెక్కి పెద్ద రాళ్లు పేర్చాలి. పీవీసీ పైపు వేసి నేరుగా వాగులోకి దింపితే ఇంత పని తప్పుతుందని ఎవరో ఒకరు అంటారు. పైపు వేస్తే ఆ నీళ్లకు పట్టీ లేనట్టే.

వరి మడి గండికి ఇంత ఏర్పాటు అక్కరలేదు, గండి ముందు రాళ్లు, వట్టివేరు చాలు. కానీ యూరియా చల్లాక నాలుగైదు రోజులు ఆ గండి తెరవొద్దు.

ఒడ్డు విషయానికొస్తే, ఒంపు చూడాలి. మీ పొలం పడమటి కొసన వాగు లోపలికి కోస్తోంది, తూర్పు కొసన ఇసుక మేట వేస్తోంది. మేట వేసే చోట నువ్వు చేయాల్సిందేమీ లేదు, రెల్లు అదే పట్టుకుంటుంది. కోసే చోట మాత్రం ఒడ్డు అడుగున నీళ్లు తొలిచేసి పైన గొడుగులా మిగిల్చాయి. అక్కడ అంచు మీద చెట్టు పెడితే చెట్టు బరువుకే ఒడ్డు విరిగి పడుతుంది, వేళ్లు ఆ తొలిచిన లోతుకు చేరేలోపే. ముందు ఆ గొడుగు భాగాన్ని పారతో వాలుగా దించు, ఒక మీటరు ఎత్తుకు మీటరున్నర వాలు ఉంటే నిలుస్తుంది. పాదం దగ్గర పెద్ద రాళ్లు వరుసగా పాతి, వెనక తుమ్మ కంప కట్టలు నీటివాలుకు పడుకోబెట్టి మేకులు కొట్టు. ఆ వాలు మీద వావిలి కొమ్మలు. చెట్లను మాత్రం అంచు నుంచి ఒడ్డు ఎత్తంత వెనక్కి పెట్టు, రెండు మీటర్ల ఒడ్డుకు రెండు మీటర్లు.

వావిలి మనకు దొరికే వాటిలో పనిమంతురాలు. బొటనవేలంత లావు, మూరెడు పొడవు కొమ్మలు కొట్టి, కింది కొస ఏటవాలుగా కోసి, మూడింట రెండు వంతులు నేలలోకి దించితే చాలు. మొగ్గలు పైకి ఉండేలా చూసుకో, కూలీలు తొందరలో తలకిందులుగా గుచ్చేస్తారు. కొట్టిన రోజే నాటలేకపోతే గోనెలో చుట్టి వాగులో తడిపి ఉంచు, ఎండలో పడేస్తే పనికిరావు. మీటరుకొకటి చొప్పున 120, చచ్చేవి పోను 150 కొట్టుకో. చేదాకు కాబట్టి మేకలు ముట్టవు, వరదకు వంగి మళ్లీ లేస్తుంది, పూలకు తేనెటీగలొస్తాయి, కొమ్మలు బుట్టలకు పనికొస్తాయి.

చెట్లు రెండు వరుసలు. నీళ్ల వైపు వరుసలో ఏరుమద్ది, నేరేడు, కానుగ కలిపి ఐదు మీటర్లకొకటి, మొత్తం 24. ఏరుమద్ది అంటే నున్నటి తెల్ల బెరడుది, తెల్లమద్ది అనీ అంటారు, ఏటి ఒడ్డులే దాని పుట్టిల్లు. నేరేడు గింజ రెండు వారాలు దాటితే మొలిచే శక్తి పోతుంది, కాబట్టి పళ్లు తిన్న వారంలోనే సంచుల్లో వేసుకో. కానుగ ఆకు వరి మడికి పచ్చిరొట్ట అవుతుంది, మేకలు పెద్దగా ముట్టవు, కానీ వేళ్ల నుంచి పిలకలు వేసే గుణముంది కాబట్టి దాన్ని పొలం వైపు తేకు. ఒకటో రెండో మేడి చెట్లు కూడా వెయ్యి, మోటారు గదికి, పైపులకు దూరంగా. పొలం వైపు రెండో వరుసలో ఈత, మూడు మీటర్లకొకటి చొప్పున 40. ఇందుకు కారణముంది. మీ పొలం వాగుకు ఉత్తరాన ఉంది. యాసంగిలో సూర్యుడు దక్షిణంగా వంగి నడుస్తాడు కాబట్టి ఒడ్డు చెట్ల నీడ మీ వరి మీదే పడుతుంది. ఈత నీడ పలుచన, లేతప్పుడు దాని ముళ్లే దానికి కంచె. అవతలి ఒడ్డు వాళ్లకు ఈ చిక్కు లేదు, వాళ్ల చెట్ల నీడ వాగు మీద పడుతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, చేపకు మంచిది. నీళ్ల వైపు చెట్లకు నాలుగో ఏటి నుంచి కింది కొమ్మలు మనిషి ఎత్తు దాకా తీసేస్తూ ఉంటే గడ్డికీ వరికీ వెలుతురు అందుతుంది.

టేకు పెడదామని నాయన అంటే వద్దను. టేకు కింద నేల బోసిపోయి ఉంటుంది. ఆ పెద్ద ఆకులు వాన చినుకులను పోగేసి లావు చుక్కలుగా వదులుతాయి, కింద గడ్డి లేని నేల వాటికి చిట్లి కొట్టుకుపోతుంది. గెట్ల మీద పెట్టుకోనీ, ఒడ్డున వద్దు. నీలగిరి, సుబాబుల్ సంగతి చెప్పనే అక్కరలేదు. సుబాబుల్ గింజ వరదతో పోయి కింద ఊళ్లన్నీ పట్టుకుంటుంది. వెదురు కావాలంటే అంచున కాక వెనక రెండు మూడు దుబ్బులు వేసుకో. అంచున పెరిగిన దుబ్బు కింద కోత పడితే ఎడ్లబండంత మట్టి తీసుకుని ఒక్కసారే కూలుతుంది. సొంత పొలంలో పెంచిన వెదురును 2017 తర్వాత అటవీ చట్టం చెట్టుగా లెక్కించడం లేదు, కాబట్టి అమ్ముకోవడం తేలికే.

గుంతలు మే చివర, రోహిణి కార్తెలో తవ్వి ఎండబెట్టు. పొలం వైపు వరుసకు అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు; రెండు తట్టల చివికిన పేడ ఎరువు, చెదల కోసం గుప్పెడు వేపపిండి. నీళ్ల వైపు వరుసకు అడుగు గుంతే, పెద్దది తవ్వితే వదులైన మట్టిని వరద తోడేస్తుంది. వాగు పక్కన గుంతల్లో డీఏపీ వేయొద్దు. ఏది ఆపాలని పట్టీ పెడుతున్నామో దాన్నే అక్కడ పోయడమేంటి?

అన్నీ ఒకేసారి నాటడం పెద్ద పొరపాటు. ఈత వరుస, వట్టివేరు, గడ్డి ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో (జూన్ చివర, జూలై మొదట్లో) నాటు, వానలతో వేరు పట్టుకుంటాయి. నీళ్ల వైపు చెట్లు, వాలు మీది వావిలి అప్పుడు పెడితే జూలై, ఆగస్టుల్లో వచ్చే పుష్యమి, ఆశ్లేష వరదలకు కొట్టుకుపోతాయి. వాటిని వరదలు తగ్గాక, ఉత్తర, హస్త కార్తెల్లో (సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ మొదటి దాకా) నాటు. నేల లోపల తడి ఉంటుంది, మళ్లీ వరద వచ్చేలోపు తొమ్మిది నెలలు వేరు దిగడానికి దొరుకుతాయి. దానికి బదులు మొదటి ఎండాకాలం వారానికొకసారి మొక్కకు బిందెడు నీళ్లు పోయాల్సి వస్తుంది, వాగు పక్కనే కాబట్టి అంత కష్టం కాదు. మొదలు చుట్టూ వరి గడ్డి పరిచే అలవాటు పొలం వైపు వరుస దాకే ఉంచు, నీళ్ల వైపు పరిస్తే వరదకు తేలిపోయి చెత్తంతా మొక్క మీదే ఆపుతుంది. పదికి మూడు చస్తాయని ముందే అనుకో, జూన్ మొదట్లో మిరుగానికి (మృగశిర కార్తెకు) మళ్లీ నింపు.

లొట్టపీసు అనే కలుపు పొద పట్టీలో రెండు చోట్ల కనిపిస్తోంది. నరికి అక్కడే పడేయొద్దు, ప్రతి ముక్కా మళ్లీ వేరు వేస్తుంది. వేరుతో పీకి, నీటికి దూరంగా రాతి మీద ఎండబెట్టి కాల్చు. మేకలు తింటే వాటికి విషం కూడా. సర్కారు తుమ్మను మాత్రం తొందరపడి జేసీబీతో పెకిలించకు. పనికిమాలినదే అయినా ఇప్పుడు ఒడ్డును పట్టుకున్నది అదే. ఏడాదికి మూడో వంతు చొప్పున నేలలోకి జానెడు లోతున నరుకుతూ, ఆ చోట మద్ది, వావిలి నిలదొక్కుకున్నాకే పక్కదానికి పో. నరికిన కంప పట్టీకి కంచె అవుతుంది.

కంచె రెండు వానకాలాలు కచ్చితంగా ఉండాలి, మేకల మంద ఒక్క మధ్యాహ్నం దూరితే రెండేళ్ల పని పోతుంది. కానీ ఊరి బర్రెలు నీళ్లకు దిగే దారి మూసేస్తే కంచె మిగలదు. కోత లేని చోట, తూర్పు కొస దగ్గర, నాలుగు మీటర్ల వెడల్పు రేవు ఒకటి వదిలి, బాగా వాలుగా చెక్కి మొరం, రాళ్లు దట్టించు. ఒక్క రేవుంటే బర్రెలు అక్కడే దిగుతాయి, లేకపోతే ఒడ్డంతా వాటి రేవే.

అడవి పందులు దాక్కుంటాయన్న నాయన భయం తీసిపారేయదగ్గది కాదు. అవి చేరేది దట్టమైన ముళ్లపొదల్లోకి. చేనుకూ చెట్లకూ మధ్య ఆ నాలుగు మీటర్ల గడ్డిని మోకాలి కిందికి ఉంచితే అవతల ఏముందో కనబడుతుంది, పాముల విషయంలోనూ అదే మేలు. కరెంటు తీగ మాత్రం కట్టనీయకు, అది నేరం, మనుషులు పోతున్నారు. కోతులు ఇప్పటికే వస్తుంటే సీతాఫలం, జామ జోలికి పోకు.

పిట్టలు రావాలన్నావు. లకుముకి పిట్ట గూడు చెట్టు మీద పెట్టదు, నిలువుగా ఉన్న మట్టి ఒడ్డులో బొరియ తవ్వుకుంటుంది. అందుకని కోత లేని చోట రెండు మూడు మీటర్లు నిలువు ఒడ్డును ఏమీ నాటకుండా వదిలెయ్యి. ఈతలు ఎదిగి వాగు వైపు వంగితే గిజిగాళ్లు వాటంతటవే వస్తాయి. ఎండిన చెట్టు ఒకటుంటే కొట్టకు, దాని తొర్రలో పాలపిట్ట ఉండొచ్చు. నీటి అంచున తుంగ, జమ్ము కొంత ఉండనిస్తే కొర్రమట్ట చేప అందులోనే గుడ్లు పెట్టి పిల్లల్ని కాస్తుంది. వాటన్నిటికీ అసలు గండం మందు కొట్టే పంపు. పత్తికీ మిరపకూ కొట్టే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ లాంటివి చేపకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. నీళ్లు బిందెతో పైకి తెచ్చుకుని చేన్లోనే కలుపు, పంపు కడిగిన నీళ్లు చేన్లోనే పొయ్యి, గాలి వాగు వైపు వీస్తుంటే ఆ రోజు కొట్టకు. గడ్డి మందును పట్టీ దరిదాపులకు రానీయకు.

మూడు నాలుగేళ్లకు ఒక సంగతి గమనిస్తావు. వట్టివేరు ముందు ఆగిన మట్టి మెల్లగా గట్టులా లేస్తుంది. పట్టీ పని చేస్తోందని సంతోషం వేస్తుంది గానీ అదే గట్టు నీళ్లను పక్కకు మళ్లించి ఒక కొసకు తోస్తుంది, అక్కడ కొత్త గండి పడుతుంది. ఎండాకాలంలో ఆ మట్టిని పారతో ఎత్తి మళ్లీ చేన్లో చల్లుకో. అది నీ చేను పై మట్టే, నువ్వు కొన్న ఎరువే.

ఇదంతా చేసినా ప్రతి వరదా ఆగుతుందని అనుకోకు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, పక్కనున్న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు ఎలా పారిందో నువ్వే చూశావు. అలాంటి వరదకు లేతపట్టీ సగం పోతుంది. పట్టీ లెక్క ఏటా పడే ఇరవై ముప్పై మామూలు వానలది. పెద్ద వరద పోయాక చేయాల్సింది వెంటనే వెళ్లి, వంగిన మొక్కల మీది చెత్త తీసి, నిలబెట్టి, మొదట్లో మట్టి తొక్కడం. వారం ఆగితే అలాగే వంకరగా ముదురుతాయి.

ఈత మొక్కలు పంచాయతీ నర్సరీల్లో తరచూ ఉంటాయి, గుంతలు ఉపాధి హామీలో తవ్వించే వీలుందేమో కార్యదర్శిని ఏప్రిల్‌లోనే అడుగు. జూన్‌లో అడిగితే మిగిలినవే ఇస్తారు. గుడ్డలు కట్టిన కట్టెల ఫొటోలు తీసి పంపు, మోటారు దగ్గరి గండి కొలతలు కూడా: నోటి వెడల్పు, గాడి లోతు, అక్కడి నుంచి వాగు అంచు ఎన్ని అడుగులో. రాళ్లు ఎన్ని ట్రాక్టర్లు కావాలో అవి చూసి చెబుతాను.

ఇట్లు,
పెద్దనాయన